అరుగుకు ఇంగ్లీషులో ఏమంటారు?

వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలు ఒక మధ్యాహ్నం తన ఇంగ్లీషు అభ్యాస పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఒక ఇంటి బొమ్మ ఉన్నది. ముందు గోడ తీసివేసి, లోపలి గదులన్నీ కనబడేటట్లు గీసిన బొమ్మ. హాలు, బెడ్‌రూము, కిచెను, బాత్‌రూము అంటూ ఒక్కొక్క గదికి పేరు వ్రాయాలి. ఎదుటి పుటలో ఇంటిపనుల పట్టిక. ఏ పని ఏ గదిలో జరుగుతుందో, ఎవరు చేస్తారో గడులు నింపాలి. చివరి ప్రశ్న: మీకు తెలిసిన ఒక విశేషమైన ఇంటిని గురించి పది వాక్యాలు వ్రాయండి. ఉదాహరణకు చెట్టు మీది ఇల్లు, పడవ ఇల్లు, మంచు ఇల్లు బొమ్మలు ఇచ్చారు. ఆ పిల్ల వాటిని వదలి మా ఊళ్ళోని పాత ఇంటిని ఎంచుకొన్నది. మూడు వాక్యాలు చకచక వ్రాసి నాలుగోదాని దగ్గర ఆగింది.

"తాతయ్యా, అరుగుకు ఇంగ్లీషులో ఏమంటారు?"

"వరండా అని వ్రాయమ్మా" అన్నాను.

"వరండా కాదు తాతయ్యా. వరండాలో నడుస్తాం. అరుగు మీద కూర్చుంటాం."

తొమ్మిదేళ్ళ పిల్ల చేసిన ఆ నిర్వచనంలో నాకు తప్పు కనిపించలేదు. ముప్పది ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి, పర్యాయపదాలు వల్లె వేయించినవాణ్ణి. ఈ ఒక్క మాటకు సమాధానం చెప్పలేక, రేపు చెబుతానని తప్పించుకొన్నాను. ఆ రాత్రి నిఘంటువులు తిరగవేయడం మొదలుపెడితే పని ఒక రాత్రితో ముగియలేదు. ఆ వెదుకులాటలో తెలిసిన సంగతులను మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ముందుగా ఆ బొమ్మలోని ఇంటిని గురించి ఒక మాట. అక్కడ గదికొక పని. నిద్రకు ఒకటి, భోజనానికి ఒకటి, స్నానానికి ఒకటి, వచ్చినవారు కూర్చోవడానికి ఒకటి. పేరు వింటే పని తెలుస్తుంది. మన పాత ఇళ్ళకు ఈ పద్ధతి కొంతవరకే పొసగుతుంది. వంటిల్లు, పడకటిల్లు, పురిటిల్లు అనే మాటలు మనకూ ఉన్నాయి. అయితే వాటిలో గమనింపదగిన విశేషం ఒకటున్నది. గదికి కూడా మనవారు ఇల్లు అనే పేరే పెట్టారు. వంటకొక ఇల్లు, పడకకొక ఇల్లు, నడుమ ఉన్నది నట్టిల్లు. ఇన్ని ఇళ్ళు కలిస్తే ఒక ఇల్లు! తక్కిన భాగాలకు చాలావరకు పనిని బట్టి గాక, ఉన్న చోటును బట్టి పేర్లు వచ్చాయి: పడమటిల్లు, తూర్పు వసారా, పంచ, నడవ, పెరడు, అటక. మా పడమటింట్లో పగలు ధాన్యపు బస్తాలుండేవి. రాత్రి పిల్లలం పడుకొనేవాళ్ళం. పెళ్ళినాడు పెళ్ళికూతురిని అక్కడే ముస్తాబు చేశారు. దానిని ఇంగ్లీషులో ఏ రూము అనాలి?

గోదావరి, కృష్ణా మండలాలలోని మండువా లోగిలిని తీసుకోండి. నాలుగు వైపుల వసారాలు, వాటి వెనుక గదులు, నడుమ ఆకాశం కనిపించే జాగా. నాలుగు వైపుల కప్పులూ లోపలికే వాలి ఉండడం చేత వాన నీరు ఇంటి నడుమ పడి, తూము గుండా బయటికి పోతుంది. వెలుతురూ గాలీ కూడా ఆ దారినే వస్తాయి. "మా ఇంట్లో వాన పడుతుంది" అని మా మనుమరాలు ఇంగ్లీషులో వ్రాస్తే, దిద్దేవారు కప్పు కారుతున్నదని అనుకొంటారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల చుట్టిల్లు మరొక విశేషం. గుండ్రని మట్టిగోడ, దానిపై చాల క్రిందికి దిగిన తాటాకు కప్పు, వంగి ప్రవేశించవలసిన ద్వారం. మూలలు లేని గోడను ఒరసుకొంటూ గాలి ప్రక్కకు జారిపోతుంది గనుక, తుపాను తాకిడికి ఆ ఇల్లు బాగా ఓర్చుకొంటుంది. గదులు లెక్కపెట్టమంటే ఒక్కటే కనిపిస్తుంది. పొయ్యి, ధాన్యం, పడక అన్నీ ఆ ఒక్క కప్పు క్రిందనే. చెట్టు మీది ఇంటికీ, మంచు ఇంటికీ తీసిపోని విశేషమే కదా! కాని మా పిల్ల ప్రశ్న అరుగును గురించి. అక్కడికే వస్తాను.

ఇంగ్లీషువారు ఈ దేశపు ఇళ్ళలో కాపురముండడం మొదలుపెట్టాక, ఇంటికి సంబంధించిన మాటలు చాలా వారికి కావలసి వచ్చాయి. తమ దేశంలో లేని వస్తువుకు తమ భాషలో పేరుండదు. బెంగాలు తరహా ఇల్లు బంగళా అయినది. వరండా పోర్చుగీసువారి నోట వచ్చిన మాట అని చాలామంది పండితుల మతం. ఇంటి చుట్టూ ఉన్న ఆవరణను కాంపౌండు అంటున్నాము గదా, అది మలయ భాషలోని కంపుంగ్ అనే మాట నుండి వచ్చినదని హాబ్సన్-జాబ్సన్ నిఘంటుకర్తలు యూల్, బర్నెల్ నిర్ణయించారు. గోడౌను కథ ఇంకా చిత్రమైనది. అది మలయ భాషలోని గుదాంగ్ నుండి ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఆ గుదాంగుకు మూలం మన గిడ్డంగి, తమిళుల కిడంగు కావచ్చునని వారి అభిప్రాయం. అంటే సరుకులతో పాటు మన మాట ఓడ ఎక్కి సముద్రం దాటి, వేషం మార్చుకొని, మరొక ఓడలో తిరిగివచ్చిందన్నమాట. ఇప్పుడు గిడ్డంగి పాతమాట అయి, గోడౌను వాడుకమాట అయినది.

ఈ వరుసలోనే అరుగు దొరికింది. దక్షిణ దేశంలోని ఇంగ్లీషువారు దానిని పయాల్ అన్నారు. మద్రాసు రాజధాని కాగితాలలో ఈ మాట తరచుగా కనిపిస్తుంది. అరుగుకు ఆ పేరెలా వచ్చింది? 1855లో రెవెన్యూ, న్యాయస్థాన పదాలకు పెద్ద కోశం కూర్చిన హెచ్. హెచ్. విల్సన్ అది తెలుగు మాట కావచ్చునని ఊహించాడు. సంస్కృతంలో మహాపండితుడాయన. అయినా ఆ ఊహ నిలువలేదు. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ అది పోర్చుగీసు మాట అని తేల్చింది. పోర్చుగీసులో పొయాల్ అంటే కూర్చొనే తిన్నె. దానికి మూలం లాటిన్ భాషలోని పోడియం. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువారి కంటె ముందుగా పోర్చుగీసువారు స్థిరపడడం చేత, తరువాత వచ్చిన వర్తకులకు చాలాకాలం పోర్చుగీసే తీరపు వ్యవహార భాష అయినది. ఆ దారిన మన అరుగుకు లాటిన్ వంశం అంటుకొన్నది. శాసనసభలో సభ్యులు స్పీకరు పోడియాన్ని చుట్టుముట్టారని పత్రికలు వ్రాస్తుంటాయి. ఆ పోడియమూ, ఈ పయాలూ ఒకే తల్లి బిడ్డలు. మన భాషలలో మాత్రం తెలుగులో అరుగు, తిన్నె, తమిళంలో తిణ్ణై, కన్నడంలో జగలి.

ఈ పయాల్‌ను ఇంగ్లీషులో వర్ణించినవారిలో చార్లెస్ గోవర్ ఒకడు. దక్షిణ భారతపు జానపద గేయాలను 1871లో ఇంగ్లీషు పుస్తకంగా వెలువరించినవాడు. మద్రాసులోని పయాల్ బడులను గురించి ఆయన వ్రాసిన వ్యాసం 1873లో ఇండియన్ ఆంటిక్వెరీ పత్రికలో అచ్చయినది. ఇంటి ముందుగోడను ఆనుకొని, వాకిలి ఉన్నంతమేర తప్ప, ఈ చివరి నుండి ఆ చివరి దాకా సుమారు 3 అడుగుల ఎత్తు, అంతే వెడల్పు గల దిమ్మె అని కొలత చెప్పాడు. పగలు అక్కడ చేరగిలబడతారనీ, వేసవిలో రాత్రి అదే పడక అనీ, వచ్చినవారిని అక్కడే ఆదరిస్తారనీ, బేరాలు అక్కడే సాగుతాయనీ, బిచ్చగాళ్ళూ శంఖం ఊదే జోగులూ అక్కడికే వస్తారనీ వ్రాశాడు. ఇంటివారు ఉదయం పండ్లు తోముకొంటూ చేసే చప్పుళ్ళను గురించి కాస్త ముక్కు విరిచాడు కూడా. ఆ వెటకారాన్ని తీసివేస్తే వర్ణన చక్కనిది. నా బాల్యంలో చూసిన అరుగు అదే. ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. దక్షిణ దేశంలోని ప్రతి హిందువుల ఇంటికీ ఇటువంటి అరుగు ఉంటుందని ఆయన అన్నాడు. ప్రతి ఇంటికీ లేదు. ఊరి చివర పూరిగుడిసెకు అరుగు ఎక్కడిది? ఉన్నవారి వీథిలో నడచిపోయే దొరకు కనబడే ఇళ్ళు వేరు.

అరుగు మీద జరిగిన పనులలో నా వృత్తికి దగ్గరిది బడి. దక్షిణ దేశపు ఇటువంటి బడిని ఇంగ్లీషువారు పయాల్ బడి అన్నారు. తమిళులది తిణ్ణై పళ్ళిక్కూడం. మనం దానినే వీథిబడి అన్నాము. ఇంగ్లీషువారూ తమిళులూ బడికి ఇంటి వైపు నుండి పేరు పెడితే, మనం వీథి వైపు నుండి పెట్టాము. రెండు పేర్లూ సరియైనవే. అరుగు కట్టించుకొన్నది ఇంటివారు. దాని మీద కూర్చొనేది దారిన పోయేవారు కూడా. గోడ తీసి చూపించిన ఆ పుస్తకంలోని ఇంటికి, గోడకు బయట ఏమీ లేదు. మా పిల్ల చిక్కు అక్కడే ఉన్నది. గదుల జాబితాలో అరుగుకు చోటు లేదు, ఎందుకంటే అది గది కాదు. వీథి జాబితాలోనూ చోటు లేదు, ఎందుకంటే అది ఇంటిది.

వీథిబడుల స్థితిని గురించి మనకు మిగిలిన గొప్ప ఆధారం మద్రాసు గవర్నరు థామస్ మన్రో చేయించిన విచారణ. దత్తమండలాలకు 1800 నుండి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉండి, రాయలసీమ పల్లెలలో తిరిగిన మనిషి ఆయన. 1822 జూన్ 25న, ప్రతి జిల్లాలో బడులెన్ని, పిల్లలెందరు, ఏ కులాలవారు, ఆడపిల్లలెందరు అని కలెక్టర్ల నుండి లెక్కలు కోరాడు. ఆ జవాబులను ధరంపాల్ 1983లో తన 'ది బ్యూటిఫుల్ ట్రీ' గ్రంథంలో కూర్చి ప్రకటించాడు. వాటిలో మిక్కిలి వివరమైనది బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో పంపిన నివేదిక. ఈ కాంబెల్ తెలుగువారికి పరాయివాడు కాడు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణమూ, 1821లో తెలుగు నిఘంటువూ ప్రకటించినవాడు. ద్రావిడ భాషల ఏకమూలాన్ని ఎల్లిస్ నిరూపించిన పీఠిక ఆ వ్యాకరణంలోనిదే. నేటి అనంతపురం ప్రాంతం నాడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది.

ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో కన్నడం చెప్పేవి 235, తెలుగు చెప్పేవి 226. తక్కినవి మరాఠీ, సంస్కృతం, పారసీ, తమిళం చెప్పేవి. ఇంగ్లీషు చెప్పేది ఒకే ఒక్కటి. భాగహారం చేసి చూశాను. బడికి సగటున పన్నెండు, పదమూడుగురు పిల్లలు. ఇద్దరు ముగ్గురు పెద్దపిల్లలను క్రింద కూర్చోబెడితే, ఒక అరుగుకు సరిపోయే సంఖ్య! బడులన్నీ అరుగుల మీదనే నడిచాయని చెప్పను. గుడి మండపాలలో, చావడులలో, చెట్ల నీడన కూడా నడిచాయి. కాని అరుగు మీద బడి ఎందుకు సాధ్యమయినదో ఈ అంకె చెబుతుంది. ప్రత్యేకించి కట్టడం అక్కరలేదు, అద్దె అక్కరలేదు. ఒక ఇంటివారు సరే అంటే చాలు.

కాంబెల్ వ్రాసిన బడి దినచర్య చదువుతుంటే మా తండ్రిగారు చెప్పిన వీథిబడి కళ్ళకు కట్టింది. మంచిరోజు చూసి వినాయకుని ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, బియ్యంలో వ్రేలు పెట్టి దిద్దించడంతో చదువు మొదలు. తెల్లవారి ఆరు గంటలకు బడి. అందరికంటె ముందు వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. రెండవవానికి సున్న, మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ తరువాత వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువ. మొదట నేల మీద ఇసుకలో వ్రేలితో అక్షరాలు, ఆ పైన తాటాకు మీద గంటంతో వ్రాత. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పడం, పంతులు అందరినీ కనిపెట్టి ఉండడం. అల్లరి చేసినవానిని రెండు చేతులూ కట్టి కప్పుకు వ్రేలాడదీయడం. ఆ శిక్షకు కోదండమని మన పేరు. మా తండ్రిగారి తరం వరకు అది మాటలోనైనా బ్రతికి ఉండేది. నేను చదువుకొనేనాటికి గోడకుర్చీగా మారింది.

పెద్దపిల్లల చేత చిన్నవారికి చెప్పించే పద్ధతిని కాంబెల్ మెచ్చుకొన్నాడు. ఇంగ్లండులో దానిని అనుకరించడం తగినదేనన్నాడు. ఆ అనుకరణకు కారకుడు ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమం నడుపుతూ, ఇక్కడి పిల్లలు ఇసుకలో వ్రాసుకోవడం చూసి, ఆ పద్ధతిని 1797లో లండనులో పుస్తకంగా ప్రకటించాడు. ఇంగ్లండులో దానికి మద్రాసు పద్ధతి అనే పేరే స్థిరపడింది. అయితే కాంబెల్ పొగడి ఊరుకోలేదు. పిల్లలు పద్యకావ్యాలు వల్లె వేస్తారు గాని అర్థం తెలియదనీ, ఆ కావ్యభాషకూ మాట్లాడే భాషకూ పొత్తు లేదనీ, చెప్పే పంతులుకే చాలాచోట్ల అర్థం రాదనీ నిష్కర్షగా వ్రాశాడు. తెలుగు పండితుణ్ణి గనుక ఈ వాక్యాల దగ్గర తల వంచుకొని ముందుకు పోయాను. ఒకప్పుడు బడులున్న చాలా ఊళ్ళలో ఇప్పుడు లేవనీ, దేశం బీదపడడం అందుకు కారణమనీ, సీమ నుండి వచ్చే బట్టలు ఇక్కడి నేతగాళ్ళ జీవనాన్ని దెబ్బతీశాయనీ కూడా ఆ కుంపిణీ ఉద్యోగే వ్రాశాడు. అది ఆయన నిజాయితీ.

ఇంతవరకు మా మనుమరాలికి కథలా చెప్పాను. అరచేతిలో సరస్వతి పేరు విని ఆ పిల్లకు ముచ్చట వేసింది. "నేనైతే రోజూ ముందే వెళ్ళేదాన్ని" అన్నది. వెంటనే, "ఆ బడిలో నేను ఎక్కడ కూర్చునేదాన్ని తాతయ్యా?" అని అడిగింది.

ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. నూటికి ఒకరు కూడా కాదు. రాజధాని మొత్తానికి లెక్కలన్నీ చేరాక, 1826 మార్చి 10న మన్రో తన అభిప్రాయం వ్రాశాడు. 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు, జనాభా 1,28,50,941. వేయిమందికి ఒక బడి ఉన్నట్లు లెక్క. కాని ఆడవారిలో బడికి వచ్చేవారు బహు కొద్దిమంది గనుక, ఐదువందల మందికి ఒక బడి అని ఎంచవచ్చునన్నాడు. ఒక్క వాక్యంతో సగం జనాభా లెక్కలో నుండి తొలగిపోయింది. మన్రోను నిందించి ప్రయోజనం లేదు. ఆయన మన అరుగు మీద ఉన్నవారిని లెక్కపెట్టాడు. లేనివారిని అక్కడికి రానీయనిది మనమే.

ఆ ఆడపిల్లలు ఆ వేళకు ఏం చేస్తున్నారు? అభ్యాస పుస్తకంలోని ఎదుటి పుట, ఇంటిపనుల పట్టిక, ఇక్కడ అక్కరకు వచ్చింది. గదుల పేర్ల విషయంలో మన భాష పొదుపరి గాని, పనుల పేర్లలో కాదు. ఇంగ్లీషు పట్టికలో పిండి చేయడానికి ఒక్కటే మాట. మనకు తిరగలిలో అయితే విసరడం, రుబ్బురోటిలో అయితే రుబ్బడం, సన్నికల్లు మీద అయితే నూరడం, రోకలితో అయితే దంచడం. గిన్నెలు తోమాలి, బట్టలు ఉతకాలి, బియ్యం కడగాలి. చేటతో చెరగడం వేరు, జల్లెడతో జల్లించడం వేరు. ఇంగ్లీషులోనూ పాతకాలపు పల్లెపనులకు వేరు వేరు మాటలున్నాయి. ఆ పట్టికలోని ఇంటికి ఆ పనులు లేవు గనుక ఆ మాటలూ లేవు. మన మాటలన్నీ ఒకే జత చేతులు రోజంతా చేసిన పనులు. ఆ పనులలో మొదటిది, వెలుగు రాకముందు చేయవలసినది, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టి, అరుగు అలకడం. ఆరు గంటలకు పిల్లవాడు వచ్చి కూర్చొనే అరుగును అయిదింటికి అలికినది వాని అక్కయో చెల్లెలో. అలకడమనే మాటకు ఇంగ్లీషులో ఒక్క పదం నాకు దొరకలేదు. పేడనీళ్ళతో నేలను చదును చేయడం అని ఒక వాక్యమే వ్రాయవలసి వచ్చింది.

మా నాయనమ్మ ఇరవయ్యో శతాబ్దపు తొలి యేళ్ళలో పుట్టింది. వాళ్ళ పుట్టింటి అరుగు మీద వీథిబడి ఉండేదట. ఆమె అన్నదమ్ములు అక్కడ చదివారు. ఆమె నడవలో తలుపు వెనుక కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. గజేంద్రమోక్షం, రుక్మిణీ కళ్యాణం ఆద్యంతం చెప్పేది. యతి తప్పితే, మధ్యలో ఆగిపోయిన మా తండ్రిగారికి అందించేది. ఆస్తి కాగితం మీద మాత్రం వేలిముద్ర వేసింది. నేను ఉపాధ్యాయ శిక్షణ ముగించి వచ్చినప్పుడు, "నాకు నా పేరు వ్రాయడం చెప్పరా" అని అడిగింది. ఎనభయ్యో పడిలో ఉన్నది అప్పటికి. రేపు చెబుతానన్నాను. తరువాత ఉద్యోగం వచ్చి ఊరు విడిచాను. ఆ రేపు రాలేదు. మా మనుమరాలి ప్రశ్నకు, "తలుపు వెనుక కూర్చునేదానివమ్మా" అని నిజం చెప్పాను.

తలుపు వెనుక ఉన్నవారు ఆడవారైతే, అరుగుకు ఎదుట నిలబడినవారు మరొకరు. కాంబెల్ పట్టికలో హిందువుల మగపిల్లలు బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, తక్కిన కులాలవారు 1,174 మంది. బడి ఒక్క కులానిదే కాదని ఈ అంకెలు చెబుతున్నాయి. పాత చదువును తలచుకొన్నప్పుడు దానిని మరువరాదు. కాని మా ఊళ్ళో మాలపల్లె, మాదిగపల్లెల నుండి పని మీద వచ్చిన పెద్దలు అరుగు ముందు వీథిలోనే నిలబడి మాట్లాడడం నా కళ్ళతో చూశాను. వారు అరుగు మీద కూర్చోవడం నా చిన్నతనంలో చూడలేదు. వయసులో వారికంటె ఎంతో చిన్నవాణ్ణి, నేను పైన కూర్చొని ఉండేవాణ్ణి. దారిన పోయేవారందరికీ అరుగు ఆతిథ్యమిచ్చిందని వ్రాయబోయి, ఈ జ్ఞాపకం అడ్డువచ్చి ఆ వాక్యం కొట్టివేశాను.

అరుగు మీది బడి ఎలా పోయిందో అందరికీ తెలిసినదే. 1854లో వచ్చిన వుడ్ తాఖీదు తరువాత సర్కారు గ్రాంటులు, పరీక్షలు, హాజరు పట్టీలు, పాఠశాలా భవనాలు క్రమంగా వచ్చాయి. ఇసుక పోయి పలక వచ్చింది. నాలుగు గోడల బడి రావడం వలననే, తలుపు వెనుక ఉన్న ఆడపిల్లకూ, వీథిలో నిలబడ్డ పిల్లవానికీ లోపల బల్ల మీద చోటడగడానికి చట్టపరమైన హక్కు కాలక్రమాన ఏర్పడింది. ఇంటివారి దయ మీద నడిచే అరుగుకు అది సాధ్యం కాదు. నేను జీతం తీసుకొన్నది అటువంటి బడిలోనే. అరుగు పోయినందుకు విచారించేటప్పుడు ఈ సంగతి కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి. మా ఇంటి అరుగు రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం పోయింది. మిగిలిన సగం మీద ఇప్పుడు కరెంటు మీటరు పెట్టె, రెండు పూలకుండీలు ఉన్నాయి. కూర్చొనేవారు లేరు.

మరునాడు మా మనుమరాలికి పయాల్ అనే మాట చెప్పాను. అది మూడుసార్లు పలికి చూసి, "ఇది మన అరుగులా లేదు" అని, అరుగు అన్న మాటనే ఇంగ్లీషు అక్షరాలలో వ్రాసుకొన్నది. దాని క్రింద వివరణగా, ఇంటి ముందు ఉండే దిమ్మె అనీ, దాని మీద ఒకప్పుడు మగపిల్లలు చదువుకొన్నారనీ, ఆడపిల్లలు దానిని ప్రతిరోజూ అలికారనీ రెండు వాక్యాలు చేర్చింది. అలికారు అన్నచోట కడిగారు అని వ్రాసింది, నేను దిద్దలేదు. ఎవరు చేస్తారన్న గడిలో, అంట్లు తోమడానికి ఎదురుగా తాతయ్య అని వ్రాసి ఉన్నది. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఆ పని నాదే గనుక అదీ నిజమే.

మిత్రులకు ఒక మనవి. మీ ప్రాంతంలో అరుగును ఏమంటారో, ఇంటిలోని తక్కిన భాగాలను ఏ పేర్లతో పిలిచేవారో తెలియజేయండి. తెలంగాణంలో గదిని అర్ర అంటారని విన్నాను. మరికొన్ని మాటలు అక్కడివారు చేర్చగలరు. మీ ఇళ్ళలోని పెద్ద ఆడవారు తమ అక్షరాలు ఎక్కడ, ఎవరి వద్ద నేర్చుకొన్నారో వారినే అడిగి వ్రాస్తే మరీ మంచిది. ఇంకా నేర్చుకోనివారు, నేర్చుకోవాలని అడిగేవారు ఉంటే, రేపటికి వాయిదా వేయవద్దు.